కంచె వెయ్యని ఊరు

నవంబరు చివర్లో ఇంగ్లండ్ నేల తడిసి బరువెక్కి ఉంటుంది. నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్ అనే చిన్న ఊళ్లో ఆ రోజుల్లో ఒక ఉదయం జ్యూరీ సభ్యులైన రైతులు రబ్బరు బూట్లు తొడుక్కుని, ట్రాక్టరు ట్రాలీ ఎక్కి పొలాల మీదికి బయల్దేరతారు. వెంట కొయ్య గూటాలు, వాటిని దిగేయడానికి సమ్మెట ఉంటాయి. కొత్తగా గోధుమ విత్తిన పొలంలో చెక్క చెక్క దగ్గరా ఆగుతారు. పక్కవాడి నేలలోకి ఎవరైనా గట్టు జరిపారా, ఊరుమ్మడి దారిలోకి చాలు పోనిచ్చారా, కాలవలో పూడిక తీశారా అని చూస్తారు. హద్దు తేల్చి గూటం కొడతారు. తప్పు కనబడితే రాసుకుంటారు. తప్పు చేసినవాడు ఆ ట్రాలీలోనే తమతో కూర్చున్నవాడైనా వదలరు. వారం తిరిగేసరికి కోర్టు కూర్చుంటుంది. ఊరి పబ్ ‘డవ్‌కోట్ ఇన్’లోనే ఆ కోర్టు. అక్కడ జరిమానాలు పడతాయి, మరుసటి ఏడాదికి కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది.

ఈ తతంగాన్ని ఎవరూ పర్యాటకుల కోసం మళ్లీ బతికించలేదు. జమీందారీ నాటి ఇలాంటి కోర్టులు ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఊరూరా ఉండేవి. 1977లో వచ్చిన న్యాయపాలన చట్టం వాటిలో దాదాపు అన్నిటి అధికారాలనూ తీసేస్తూ, లాక్స్‌టన్ కోర్టు తన పొలాల వ్యవహారం చూసుకోవచ్చని విడిగా మినహాయించింది. మధ్యయుగాల్లో ఐరోపాలో చాలా భాగం అనుసరించిన ఉమ్మడి పొలాల సేద్యం, దాన్ని నడిపే కోర్టుతో సహా, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ సాగుతున్నది ఈ ఒక్క ఊళ్లోనే. డెవన్‌లోని బ్రాంటన్‌లో, లింకన్‌షైర్‌లోని ఆక్స్‌హోమ్ ప్రాంతంలో పాత చెక్కలు కొన్ని మిగిలాయి. చెక్కలతో పాటు కట్టుబాటు కూడా మిగిలింది మాత్రం లాక్స్‌టన్‌లో.

లాక్స్‌టన్‌లో రైతుల ఇళ్లన్నీ ఊళ్లోనే, వీధి వెంట ఉంటాయి. మన పల్లెలు చూసిన కంటికి ఇందులో వింతేమీ తోచదు. ఇంగ్లండ్ పల్లెసీమలో ప్రయాణం చేసినవాళ్లకు మాత్రం వెంటనే తేడా తెలుస్తుంది. అక్కడ చాలాచోట్ల రైతు ఇల్లు ఊరికి దూరంగా, తన పొలాల నడుమ ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ ముళ్లపొదల కంచెలు, వాటి మధ్య నలుచదరంగా కోసిపెట్టిన మళ్లు. అదే తరతరాల ఇంగ్లిష్ దృశ్యమని క్యాలెండర్లూ సినిమాలూ మనకు నేర్పాయి. నిజానికి మధ్య ఇంగ్లండ్‌లో ఆ దృశ్యం ఎక్కువ భాగం రెండు, మూడు వందల ఏళ్ల నాటిది. అంతకుముందు ఆ నేల ఎలా ఉండేదో చూడాలంటే లాక్స్‌టన్ రావాలి. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే కంచె ఉండదు, గోడ ఉండదు. నేల వాలు ఎటు తిరిగితే అటు పొలం తిరుగుతూ పోతుంది. అక్కడక్కడ పల్లంలో దున్నని గడ్డి పట్టీలు కనిపిస్తాయి. స్థానికులు వాటిని ‘సైక్‌లు’ అంటారు. తడి ఎక్కువై నాగలి సాగని చోట్లు అవి. నాగలీ మందులూ తగలకపోవడంతో, మిగతా ఇంగ్లండ్‌లో అరుదైపోయిన గడ్డిపూలు అక్కడ ఇంకా పూస్తున్నాయి.

మిగిలిన పెద్ద పొలాలు మూడు: వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. మూడూ కలిపి సుమారు 480 ఎకరాలు. ఒక్కో రైతుకు మూడింటిలోనూ చెక్కలుంటాయి, అవీ ఒకచోట కాదు, చెదురుమదురుగా. ఒక ఏడాది ఒక పొలమంతా శీతాకాలపు గోధుమ. మరో పొలంలో వసంతంలో విత్తే పంట, బార్లీ లాంటిది. మూడోది ఒకప్పుడు బీడు. మరుసటి ఏడాది వరస మారుతుంది. నా చెక్కలో నాకిష్టమైంది వేసుకుంటానంటే కుదరదు. పొలమంతా ఒకేసారి విత్తాలి, ఒకేసారి కోయాలి. పాత రోజుల్లో కోత కాగానే ఊరి పశువులన్నిటినీ కలిపి కొయ్యకాళ్ల మీదికి తోలేవారు. ఒక్కడు ఆలస్యంగా విత్తితే ఆ ఒక్కడి చేను కోసం ఊరి పశువులన్నీ ఆగాలి. లేదా ఆ చేను పశువుల పాలు కావాలి. అందుకే ఎవరి చెక్క వారిదే అయినా, తేదీలు మాత్రం ఊరివి. దారి తప్పిన పశువును పట్టి బందెలదొడ్డిలో తోలడానికి ఒక మనిషిని కోర్టే నియమించేది.

చెక్కలు ఇలా ఎందుకు చెదిరాయన్నదానికి మామూలుగా చెప్పే జవాబు, మంచి నేలా చెడ్డ నేలా అందరికీ సమానంగా పంచడం కోసమని. ఆక్స్‌ఫర్డ్‌లో వ్యవసాయ ఆర్థికశాస్త్ర పరిశోధన సంస్థను నడిపిన సి.ఎస్. ఆర్విన్, ఆయన భార్య క్రిస్టబెల్ ఇంకో మాట చెప్పారు. 1938లో వాళ్లు లాక్స్‌టన్ మీద రాసిన పుస్తకం వల్లే ఈ ఊరి పేరు బయటి ప్రపంచానికి బాగా తెలిసింది. సేద్యం తెలిసిన మనుషులు కాబట్టి వాళ్లు నాగలి వైపు నుంచి ఆలోచించారు. బంకమట్టిని దున్నాలంటే బరువైన నాగలి కావాలి, దాన్ని లాగడానికి ఎద్దుల జట్టు కావాలి. అంత జట్టు ఒక్కడి దగ్గర ఉండదు. ఎద్దులు కలిపి దున్నుకుంటూ పోతే, ఒక రోజు దున్నింది ఒకరికి, మర్నాటిది ఇంకొకరికి. చెక్కలు అలా పుట్టాయన్నది వాళ్ల వాదన. ఎద్దుల జట్టును చివర్న మళ్లించడానికి ముందునుంచే ఒక పక్కకు ఒరగాలి గనక, మధ్య ఇంగ్లండ్‌లో చాలాచోట్ల పాత చెక్కలు తిన్నగా కాక పాములా మెలితిరిగి ఉంటాయి. ఈ వాదన అన్ని ఊళ్లకూ వర్తిస్తుందో లేదో చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. లాక్స్‌టన్ బంకమట్టిలో నడిచి, బూటుకు అంటిన మట్టి వదిలించుకోవడం ఎంత కష్టమో చూసినవారికి మాత్రం ఆర్విన్ దంపతుల మాటే దగ్గరగా తోస్తుంది.

ఊరికి ఉత్తరాన ఒక పెద్ద మట్టిదిబ్బ ఉంది. నార్మన్ దొరలు కట్టిన కోట తాలూకు దిబ్బ అది. షెర్వుడ్‌తో సహా ఆ చుట్టుపక్కల రాజుగారి అడవులను కాచే అధికారులు ఆ కోటలో ఉండేవారు. కోట రాళ్లు ఎప్పుడో పోయాయి. ఊరికి నిజమైన నిధి వేరే ఉంది, అది ఊళ్లో లేదు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసిన లాక్స్‌టన్ పటం అది. తోలు కాగితాల మీద, ఊళ్లోని ప్రతి ఇల్లూ, రెండు వేలకు పైగా చెక్కలూ ఒక్కొక్కటిగా గీశాడు. చెక్కల మధ్య ఖాళీల్లో చిన్న చిన్న బొమ్మలు వేశాడు: దున్నేవాళ్లు, కోసేవాళ్లు, పశువులు, వేటగాళ్లు. ఏ చెక్క ఎవరిదో చెప్పే అడంగలు లాంటి పుస్తకం దానికి తోడుగా ఉంది. నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక మామూలు పల్లెను ఇంటింటికీ చేనుచేనుకూ ఇంత వివరంగా చూపే పటాలు ప్రపంచంలో ఎన్నో లేవు.

ఆ పటం గీయించిన మనిషి మన కథలోకి కూడా వస్తాడు. సర్ విలియం కోర్టెన్ లండన్ వర్తకుడు, ఫ్లాండర్స్ నుంచి వలస వచ్చిన కుటుంబం వాడు. బట్టల వ్యాపారంలో గడించి భూములు కొన్నాడు, కరీబియన్‌లోని బార్బడోస్‌లో ఇంగ్లిష్ వలసకు పెట్టుబడి పెట్టాడు. పటం తయారైన ఆ 1635లోనే అతను ఇంకో పెద్ద పందెం వేశాడు. తూర్పు దేశాల వర్తకం మీద ఈస్టిండియా కంపెనీకున్న గుత్తాధిపత్యాన్ని దాటి తానూ ఓడలు పంపేందుకు మొదటి చార్లెస్ రాజు దగ్గర అనుమతి సంపాదించాడు. కంపెనీ అప్పటికి పాతికేళ్ల కిందటే, 1611లో, మచిలీపట్నంలో కాలు మోపి కలంకారీ బట్టల కోసం బేరాలాడుతోంది. కోర్టెన్ ఓడలు 1636లో బయల్దేరి గోవా మీదుగా చైనా తీరం దాకా వెళ్లాయి. అదే ఏడాది కోర్టెన్ చనిపోయాడు. పోటీలో కంపెనీకి తలనొప్పి మిగిలింది, కోర్టెన్ కొడుక్కి అప్పులు మిగిలాయి. కొన్నేళ్లకే లాక్స్‌టన్ చేతులు మారి పియర్‌పాంట్ అనే ప్రభువంశం పాలయింది. ఒక చెక్క వెడల్పు ఎంతో తెలుసుకోవాలన్న పట్టుదల, మహాసముద్రాలకు అవతలి సరుకు మీద ఆశ, ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే ఏడాది కనబడటం యాదృచ్ఛికమని నేననుకోను. నేలను కొలిచి కాగితం మీదికి తెచ్చాక అది లెక్కల్లో సరుకవుతుంది. ఇంగ్లండ్ పల్లెకు తర్వాత జరిగింది అదే.

1604 నుంచి 1914 వరకు బ్రిటిష్ పార్లమెంటు, ఉమ్మడి నేలలను విడగొట్టి ఎవరి వాటాకు వారు కంచె వేసుకునేలా, 5,200కు పైగా కంచె చట్టాలు చేసింది. వాటి కిందికి వచ్చిన నేల సుమారు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండ్ విస్తీర్ణంలో అయిదో వంతుకు పైన. పార్లమెంటు దాకా రాకుండా ఊళ్లోనే ఒప్పందాలతో, ఒత్తిళ్లతో కంచె పడిన నేల దీనికి అదనం. ఒక ఊరి భూముల్లో విలువ లెక్కన మూడొంతులో, అంతకన్నా కాస్త ఎక్కువో ఉన్న యజమానులు ఒప్పుకుంటే బిల్లు కదిలేది. లెక్క భూమి విలువదే, మనుషులది కాదు. ఇద్దరు ముగ్గురు పెద్ద ఆసాములు కలిస్తే వందమంది చిన్నవాళ్ల మాట చెల్లేది కాదు. కమిషనర్లు వచ్చి చెదురు చెక్కలన్నీ రద్దు చేసి, ఎవరి వాటా వాళ్లకు ఒకేచోట కొలిచి ఇచ్చేవారు. సర్వే ఖర్చు, చట్టం ఖర్చు, కంచె ఖర్చు యజమాని మీదే. నాలుగెకరాల రైతు ఆ ఖర్చు తట్టుకోలేక అమ్ముకునేవాడు. సెంటు భూమి లేకుండా, ఊరి బంజరులో ఒక ఆవును మేపుకుంటూ పొయ్యికి కట్టెలు ఏరుకునే కుటుంబానికి, కాగితం మీద హక్కు చూపలేకపోతే ఏమీ దక్కేది కాదు. ఆవు పోతే పిల్లలకు పాలు పోతాయి. ఈ నష్టం ఎక్కువగా మోసింది ఆడవాళ్లు, ఎందుకంటే ఆవును మేపిందీ కట్టెలు మోసిందీ వాళ్లే. కోత తర్వాత పరిగ ఏరుకోవడం కూడా పేద ఆడవాళ్ల పనే. ఒక్కో ఇంటికి చలికాలంలో కొన్నాళ్ల రొట్టెపిండి దాని మీదే వచ్చేది. సఫోక్‌కు చెందిన మేరీ హౌటన్ అనే ఆవిడ మీద నడిచిన కేసులో 1788లో లండన్ న్యాయమూర్తులు పరిగ ఏరుకోవడం ఎవరికీ హక్కు కాదని తేల్చారు.

కంచెల వల్ల దిగుబడి పెరిగిందనీ, పశువుల జాతులు మెరుగుపడ్డాయనీ, కొత్త పంటలు వచ్చాయనీ వాదించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అందులో కొంత నిజముంది. కానీ ఆ వాదాన్ని అందరికన్నా గట్టిగా వినిపించిన ఆర్థర్ యంగ్ అనే వ్యవసాయ రచయితే 1801లో వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఇరవై కంచె చట్టాలు తీసుకుంటే పంతొమ్మిదింటిలో పేదలకు అన్యాయమే జరిగిందని రాశాడు. తన జీవితకాలపు వాదానికి తానే ఎదురు నిలిచి సాక్ష్యం చెప్పిన ఆ మనిషి మీద నాకు గౌరవం.

కంచె పడటం ఊళ్లో ఉండి చూసిన కవి జాన్ క్లేర్. 1793లో నార్తాంప్టన్‌షైర్‌లోని హెల్ప్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి కళ్లంలో ధాన్యం నూర్చే కూలీ. క్లేర్‌కు పదహారేళ్లప్పుడు, 1809లో, ఆ ఊరికి కంచె చట్టం వచ్చింది. తాను చిన్నప్పటి నుంచి తిరిగిన మైదానాల మీద కంచె మొక్కలు నాటే కూలిపనికి అతనే వెళ్లాల్సి వచ్చింది. 1820లో అచ్చయిన తొలి పుస్తకం అతన్ని లండన్‌లో రైతుకూలీ కవిగా పేరెక్కించింది. ఆ మోజు నిలవలేదు. చివరి ఇరవై ఏళ్లకు పైగా మానసిక చికిత్సాలయంలో గడిపి 1864లో చనిపోయాడు. పోయిన వాగు, కొట్టేసిన చెట్టు, మూసేసిన దారి, వీటి గురించి పేరు పెట్టి మరీ అతను రాసినవి చదివితే, కంచె చట్టం ఒక మనిషి లోపల ఏం చేసిందో తెలుస్తుంది.

మరి లాక్స్‌టన్ ఎలా తప్పించుకుంది? ఇక్కడి రైతులు తిరగబడ్డారని, ఏ దయగల ప్రభువో కాపాడాడని చెప్పగలిగితే కథ అందంగా ఉండేది. అసలు సంగతి ఆసాముల మధ్య పొత్తు కుదరకపోవడం. ఊళ్లో ఎక్కువ భూమి పియర్‌పాంట్ వంశానిది, అంటే తర్వాత ఎర్ల్ మాన్వర్స్ బిరుదు పొందినవాళ్లది. మిగిలిన దాంట్లో పెద్ద భాగం ఎర్ల్ ఆఫ్ స్కార్‌బరోది. కంచె వేయాలంటే ఇద్దరూ ఒక మాట మీద నిలబడాలి. పద్దెనిమిదో శతాబ్దిలో ఊరి చుట్టూ కొంత నేలకు కంచె పడింది. మిగిలింది వాయిదా పడుతూ వచ్చింది. చివరికి వాళ్ల మధ్య భూముల మార్పిడి కుదిరేనాటికి పంతొమ్మిదో శతాబ్ది సగం దాటిపోయింది. ఇంకొన్నేళ్లకు అమెరికా నుంచి చవక గోధుమ వచ్చిపడి ఇంగ్లండ్ సేద్యం కుంగిపోయింది. కంచెలకు డబ్బు పోసే ఓపిక ఎవరికీ లేదు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో చెక్కలను కలిపి పెద్దవి చేశారు, కొన్నిటిని తగ్గించారు. పద్ధతిని మాత్రం అలాగే ఉంచారు.

ఊరు మిగలడానికి కారణం ఆసాముల తగవే. మిగిలిన ఊరు ఇంతకాలం నడవడానికి కారణం మాత్రం జ్యూరీయే. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అందరిదీ అయిన పచ్చికబయలు మీద ప్రతివాడూ ఇంకో ఆవును తోలుకుంటూ పోతాడు, చివరికి బయలు నాశనమవుతుంది, ఉమ్మడి ఆస్తికి అదే గతి అన్నాడు. అర్థశాస్త్రం చదివే పిల్లలకు ఈ ఉదాహరణ ఇప్పటికీ చెబుతారు. లాక్స్‌టన్ చరిత్ర చదివినవాడు ఆ వ్యాసాన్ని నమ్మలేడు. ఏ ఇంటికి ఎన్ని పశువులను తోలే హక్కుందో ఇక్కడ లెక్క ఉండేది. లెక్క దాటితే జరిమానా ఉండేది. చూసేవాళ్లు ఎక్కడో లేరు, పక్క చెక్క రైతులే. జరిమానా కూడా పెద్దదేం కాదు. ఊళ్లో అందరి ముందూ తన పేరు చదవడమే అసలు శిక్ష. ఉమ్మడి అనేది మంచితనంతో నడిచే వ్యవహారమని మనం అనుకుంటాం. ఏడాదికోసారి సమ్మెట పట్టుకుని పొలం మీదికి వెళ్లి, పొరుగువాడి మొహం మీదే నీ చాలు హద్దు దాటిందని చెప్పగలిగే మనుషులు లేకపోతే మంచితనం ఒక్క తరం కూడా నిలవదు. తానూ రేపు ఆ మాట పడటానికి సిద్ధంగా ఉండాలి. లాక్స్‌టన్ కాపాడుకున్నది నేలతో పాటు ఆ అలవాటును.

ఉమ్మడి ఆస్తిని ఊరివాళ్లే ఇలాంటి కట్టుబాటుతో కాపాడుకోగలరని సిద్ధాంతంగా నిరూపించి 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, స్విట్జర్లాండ్ పచ్చికబయళ్ల నుంచీ జపాన్ పల్లెల నుంచీ ఉదాహరణలు తెచ్చారు. ఆమె ఆధారపడిన పరిశోధనల్లో మన కర్నూలు జిల్లాది ఒకటి ఉంది. రాబర్ట్ వేడ్ అనే పండితుడు అక్కడి కాలువ కింది ఊళ్లలో తిరిగి 1988లో ఒక పుస్తకం వెలువరించాడు. ప్రభుత్వ పంచాయతీతో సంబంధం లేకుండా, ఊరివాళ్లే పెద్దలుగా కూర్చుని, నీళ్లు పంచడానికి నీరుకట్టు మనుషులను, పంట కాయడానికి కాపలాదారులను పెట్టుకోవడం ఆయన చూశాడు. ఊరి నిధి ఉండేది, తప్పుకు జరిమానా ఉండేది. ఇలాంటి కట్టు కాలువ తొలి ఊళ్లలో కన్నా చివరి ఊళ్లలో, అంటే నీరు అందుతుందో లేదో తెలియని చోట్ల బలంగా ఉందని ఆయన గమనించాడు. నాటింగ్‌హామ్‌షైర్ బంకనేలకూ రాయలసీమ కాలువ చివరి మడికీ పోలిక నేను బలవంతంగా తేవడం లేదు. రెండు చోట్లా ఒంటరిగా గట్టెక్కలేని రైతులున్నారు. అందుకే రెండు చోట్లా దాదాపు ఒకే ఏర్పాటు పుట్టింది.

1952లో ఆరో ఎర్ల్ మాన్వర్స్ ఊరి భూములను వ్యవసాయ మంత్రిత్వశాఖకు అమ్మాడు, ఈ సేద్యం కొనసాగాలన్న ఆశతో. 1981లో అవి రాజసంస్థానపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్లాయి. 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ కొంది, అంటే మళ్లీ మాన్వర్స్ వారసుల కుటుంబానికే చేరాయి. రైతులు కౌలుదార్లుగానే ఉన్నారు. పూర్తి బీడు పెట్టే అలవాటు గత శతాబ్ది రెండో సగంలో పోయింది. మూడో ఏడాది ఇప్పుడు పశుగ్రాసం పెంచుతారు. సైక్‌ల మీది గడ్డిని వేసవిలో వేలం వేస్తారు. పెద్ద యంత్రాలకు ఈ చెక్కలు ఇరుకు. చిన్న కమతం మీద కుటుంబం గడవడం ఇంగ్లండ్‌లోనూ కష్టమే. అందుకే జ్యూరీలో కూర్చునే రైతులకు వారసులు దొరకడం, కొత్తవాళ్లకు కౌలు ఇవ్వడం ఇప్పుడు ఊరి ముందున్న పెద్ద పని. ఎస్టేట్ తలచుకుంటేనే అది తీరుతుంది.

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు షెర్వుడ్ అడవి చూడటానికి వెళ్తుంటారు. లాక్స్‌టన్ అక్కడికి దగ్గరే. లండన్ నుంచి రైల్లో వస్తే న్యూఆర్క్ దగ్గర దిగి ఉత్తరంగా కారులో రావాలి. పబ్ పక్కనే చిన్న ప్రదర్శనశాల ఉంది, అక్కడి పటాలు చూసి పొలాల్లోకి వెళ్తే ఏ పొలంలో ఏ ఏడాది ఏముందో సులువుగా పోల్చుకోవచ్చు. నడవడానికి ఊరుమ్మడి కాలిబాటలున్నాయి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు మేనెలాఖరులో గానీ జూన్‌లో గానీ వెళ్లడం మంచిది, సైక్‌ల మీద పూలు అప్పుడే ఉంటాయి. విత్తిన చెక్కల్లో మాత్రం అడుగు పెట్టనివ్వకండి.